పది గంటల మాత్ర

తెనాలి నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. వారి నాన్నగారికి వచ్చే నెలలో భుజానికి ఆపరేషనట. "మెడ దగ్గర నరాలకు సూది వేస్తే చెయ్యంతా మొద్దుబారి నొప్పి తెలియదంటున్నారు. కాని మా పక్కింటాయనకు అదే సూది వేస్తే పగలంతా హాయిగా ఉండి, అర్ధరాత్రి ప్రాణం పోయినంత పనయిందట. ఆ సూది బలం రెండు మూడు రోజులు నిలిచేట్టు చేయించుకోవచ్చునా? మాస్టారూ, మీ ఇంట్లో ఇటువంటి ఆపరేషను జరిగిందని లోగడ ఒకసారి వ్రాశారు. కాస్త వివరంగా చెబుతారా?" అని వారి ప్రశ్న.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పయ్యేళ్ళకు పైగా హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా ఈ విషయంలో నాకొక అర్హత ఉంది. తప్పు చేసినవాడి అర్హత. పరీక్ష తప్పిన కుర్రవాడికి ప్రశ్నపత్రం జ్ఞాపకమున్నట్టు, పాసైనవాడికి ఉండదు గదా! అందుచేత చెబుతాను.

2023 మే నెలలో మా ఆవిడ అటక మీది ఆవకాయ జాడీ దించబోయింది. నేను హాల్లో పేపరు చదువుకుంటున్నాను. "ఏవండీ, ఒక్కసారి ఇలా వచ్చి స్టూలు పట్టుకోండి" అని పిలిచిందట. నాకు వినపడలేదు. అంటే వినపడింది గాని, సంపాదకీయం చివరి పేరాలో ఉన్నాను. ఇంతలో స్టూలు ఒరిగింది. ఆవిడ ఎడమ చేత్తో జాడీని గుండెలకు హత్తుకుని, కుడి చేత్తో అటక అంచు పట్టుకుని ఒక్క క్షణం వేళ్ళాడింది. జాడీ దక్కింది. కుడి భుజం దక్కలేదు.

రెండు నెలలు నూనె మర్దనాలూ, కాపడాలూ నడిచాయి. చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేదు. రాత్రిళ్ళు ఆ పక్కకు తిరిగి పడుకోలేదు. చివరికి విజయవాడలోనే ఒక ఆస్పత్రిలో స్కానింగు తీశారు. భుజం కీలును నాలుగు కండరాలు చుట్టూ అల్లుకుని పట్టి ఉంచుతాయి. వాటి చివరలు పట్టీలా కలిసి ఎముకకు అతుక్కుని ఉంటాయి. దాన్నే డాక్టర్లు రొటేటర్ కఫ్ అంటారు. మా ఆవిడకు ఆ పట్టీ తెగింది. చిన్న చిన్న రంధ్రాల్లోంచి గొట్టాలు దూర్చి, తెగినదాన్ని మళ్ళీ ఎముకకు బిగించి కుట్టాలన్నారు.

ఆపరేషను రోజు ఉదయం మత్తు డాక్టరమ్మగారు వచ్చారు. చిన్న వయసే. "మాస్టారూ, పూర్తి మత్తుతో పాటు మెడ పక్కన నరాలకు ఒక బ్లాకు ఇస్తాం. వెన్నులోంచి బయలుదేరి చేతికి వెళ్ళే నరాలన్నీ మెడ దగ్గర రెండు కండరాల మధ్యగా ఒక జడలా పోతుంటాయి. అల్ట్రాసౌండు తెర మీద చూస్తూ వాటి పక్కన మందు వేస్తే, భుజంలో ఏం జరిగినా ఆ వార్త మెదడుకు చేరదు. పది పన్నెండు గంటలు, ఒక్కొక్కరికి పదహారు, పద్దెనిమిది గంటలు కూడా అలాగే ఉంటుంది" అన్నారు.

అన్నట్టే జరిగింది. సాయంత్రం మా ఆవిడ మంచం మీద కులాసాగా కూర్చుంది. "ఎవరిదో చెయ్యి తెచ్చి నా పక్కన పెట్టినట్టుందండీ" అని నవ్వింది. కుడి కంటి రెప్ప కాస్త వాలింది. గొంతు బొంగురుపోయింది. అవి కూడా ఆ మందు పక్క నరాలకు తగలడం వల్లనేననీ, బలం దిగగానే సర్దుకుంటాయనీ ముందే చెప్పారు. ఆవిడ గొంతు పెంచలేని రోజు మా నలభై ఏళ్ళ సంసారంలో అదొక్కటే. నేను కూడా కులాసాగానే ఉన్నాను.

రాత్రి 10 గంటలకు నర్సమ్మ మాత్రలు పట్టుకుని వచ్చింది. మా ఆవిడకు అప్పుడే కన్ను మూతపడింది. నేను లేచి వెళ్ళి గుమ్మం దగ్గరే ఆపాను. "ఇప్పుడిప్పుడే నిద్రపట్టిందమ్మా. నొప్పి కూడా లేదు. నొప్పి లేనివాళ్ళకు నొప్పి మాత్రలెందుకు? మెలకువ వచ్చాక నేనే వేస్తానులే" అన్నాను. ఆ పిల్ల కొంచెం తటపటాయించింది. "నొప్పి లేకపోయినా వెయ్యమన్నారండీ" అంది. నేను మాస్టరు గొంతుతో "ఫరవాలేదమ్మా" అన్నాను. మాత్రలు బల్ల మీద పెట్టి, వేయడం మరచిపోవద్దని మరీ మరీ చెప్పి వెళ్ళింది. భార్య నిద్ర కాపాడిన భర్తనని నాలో నేనే మెచ్చుకుని పడుకున్నాను.

రెండున్నరకు ఏదో శబ్దానికి మెలకువ వచ్చింది. లైటు వేస్తే మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నది. పురుడు పోసుకున్నప్పుడు కూడా గట్టిగా అరవని మనిషి. నన్ను లేపడం ఇష్టంలేక పావుగంట నుంచి అలా కూర్చున్నదట. నేను పరుగెత్తి నర్సమ్మను పిలిచాను. మాత్రలు మింగించారు. ఇంజక్షను ఇచ్చారు. ఐసు పెట్టారు. నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని నర్సమ్మ అడిగితే, మా ఆవిడ పదీ అన్నట్టు ఎడమ చేతి వేళ్ళు రెండుసార్లు చాచింది. అది కాస్త లొంగుబాటుకు వచ్చేసరికి తెల్లవారి ఐదయింది. ఆ రెండున్నర గంటలూ నేను ఆ మంచం పక్కన చేతులు నలుపుకుంటూ నుంచున్నాను. పదింటికి వేయని మాత్రలు బల్ల మీదనే కనపడుతున్నాయి.

మర్నాడు డాక్టరమ్మగారు వచ్చి విషయం తెలుసుకుని నన్ను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మాస్టారూ, కరెంటు పోయినప్పుడు ఇంట్లో స్విచ్చులన్నీ వేసే ఉన్నాయనుకోండి. చీకట్లో ఏమీ తెలియదు. కరెంటు వచ్చేసరికి ఫాన్లూ, లైట్లూ, మిక్సీ, టీవీ అన్నీ ఒక్కసారి మోగుతాయి. బ్లాకు అంటే తీగ తెంచడమే. భుజంలో వాపు మాత్రం దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. మాత్రలు ఆ స్విచ్చులు ఆపుతాయి. తీగ మళ్ళీ కలిసేలోపల ఆపాలి. కలిశాక ఆపుదామంటే మాత్ర ఒంటికి పట్టడానికే అరగంట, గంట పడుతుంది. ఈలోగా నొప్పి కొండెక్కి కూర్చుంటుంది" అన్నారు. బ్లాకు దిగగానే ఇలా విరుచుకుపడే నొప్పికి వారి శాస్త్రంలో వేరే పేరే ఉందట. అంత మామూలు విషయమన్నమాట.

ఇంతవరకు తప్పు. ఇక్కణ్ణుంచి దాన్ని దాచుకోవడం. మా ఆవిడకు ఆ మాత్రల సంగతి తెలియదు. చూడటానికి వచ్చిన చుట్టాలందరితోనూ "ఆ మెడ సూది పనిచెయ్యలేదండీ" అని చెప్పుకుంది. నేను పక్కనే ఉండి, తల ఊపీ ఊపనట్టు ఊపాను.

కాని మనసులో మాత్రం ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఈ సూది కథేమిటో తెలుసుకుందామని పుస్తకాలు ముందు వేసుకున్నాను. చూస్తే, దాని బలాన్ని పొడిగించాలనే ప్రయత్నం సూదితో పాటే పుట్టినట్టున్నది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టరు కొకెయిను చుక్కలు వేస్తే కంటికి స్పర్శ పోతుందని లోకానికి చూపించాడు. వెంటనే న్యూయార్కులో హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు దాన్ని నరాల దగ్గర పొడిచి చూశాడు. తన మీదా, తోటివారి మీదా ప్రయోగాలు చేసి చేసి, పాపం, ఆ కొకెయినుకే బానిసయ్యాడు. ఆ మందు బలం తొందరగా దిగిపోయేది. ఎందుకంటే చుట్టూ ప్రవహించే రక్తం మందును పట్టుకుపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో బ్రౌన్ అనే ఆయన మందులో కాస్త అడ్రినలిన్ కలిపాడు. అది రక్తనాళాలను ముడుచుకునేట్టు చేస్తుంది గనుక మందు ఇంకొంతసేపు అక్కడే నిలుస్తుంది. 1911లో కులెన్‌కాంఫ్ అనే మరొక జర్మను డాక్టరు, చేతి నరాలకు సూది ఎలా వెయ్యాలో తన ఒంటి మీదనే చేయించుకుని చూశాడు. 1946లో అమెరికాలో ఆన్స్‌బ్రో అనే ఆయన సూదిని తీయకుండా అక్కడే నిలిపి, మందు మళ్ళీ మళ్ళీ ఎక్కించాడు. 1957లో స్వీడనులో బ్యుపివకెయిన్ తయారైంది. అది నరానికి గట్టిగా అంటుకుని గంటల తరబడి వదలదు. ఇప్పుడు భుజానికి మామూలుగా వేసేది అదే, లేకపోతే దాని తమ్ముడు రోపివకెయిన్. మెడలో రెండు కండరాల మధ్యగా వేసే పద్ధతిని 1970లో విన్నీ అనే అమెరికను డాక్టరు వివరించాడు. మా ఆవిడకు వేసింది ఆ పద్ధతిలోనే.

చదివినదంతా నోటు పుస్తకంలో వ్రాసుకున్నాను. నిజం మాత్రం ఇంట్లో చెప్పలేదు.

2024 కార్తీకమాసంలో కాకినాడ నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. మా అక్కయ్య స్నానాల గదిలో జారిపడింది. భుజానికి దిగువగా చేతి ఎముక విరిగింది. ప్లేటు వేసి బిగించాలన్నారు. అక్కయ్యకు డెబ్బై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళుగా చక్కెర జబ్బు. చలికాలం వస్తే ఉబ్బసం. నేనూ మా ఆవిడా ఆ రాత్రే బయలుదేరి వెళ్ళాం.

తెల్లవారి ఆస్పత్రికి చేరేసరికి అక్కడొక తగువు నడుస్తున్నది. పూర్తి మత్తుతో పాటు నరాలకు సూది కూడా వేస్తామని డాక్టరుగారంటున్నారు. అక్కయ్య ససేమిరా ఒప్పుకోవటం లేదు. "నాకా సూది వద్దు నాయనా. మా మరదలికి విజయవాడలో వేశారు. పనిచెయ్యలేదు. పైగా రాత్రి నరకం చూపించింది" అంటున్నది. డాక్టరుగారు పెద్దాయన. ఓపికగా చెబుతున్నారు. "అమ్మా, అది లేకపోతే నొప్పికి నల్లమందు జాతి మందులు ఎక్కువగా ఇవ్వవలసి వస్తుంది. అవి ఊపిరిని మందగింపజేస్తాయి. మీకున్న ఉబ్బసానికి అది మంచిది కాదు" అంటున్నారు. అక్కయ్య నా వైపు తిరిగి "నువ్వు చెప్పరా తమ్ముడూ, నువ్వు కళ్ళారా చూశావుగా" అంది.

పక్కన మా ఆవిడ నుంచుని ఉంది. గొంతు పెగలటానికి కొంతసేపు పట్టింది. "సూది బాగానే పనిచేసింది అక్కయ్యా. పనిచెయ్యనిది నేను" అన్నాను. పదింటి మాత్రల సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడ నా ముఖం కేసి ఒక్కసారి చూసి, కిటికీ వైపు తిరిగింది. అక్కయ్య మాత్రం "ఏడ్చినట్టుంది నీ కాపలా" అని, డాక్టరుగారితో "అయితే వెయ్యండి" అంది.

ఇప్పుడు మా మేనల్లుడు అందుకున్నాడు. "మామయ్యా, అలాంటప్పుడు ఖర్చెంతయినా ఫరవాలేదు. రెండు మూడు రోజులు దిగకుండా ఉండే ఏర్పాటే చేయించేద్దాం." తెనాలి సోదరి అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. ఆనాడు డాక్టరుగారు చెప్పింది నా మాటల్లో వ్రాస్తాను.

ఏర్పాటు ఉంది. నరం పక్కన వెంట్రుకలాంటి సన్నని గొట్టం పెట్టి, బెలూను వంటి చిన్న పంపుతో మందు బొట్టుబొట్టుగా పోనిస్తారు. రెండు మూడు రోజుల పాటు నొప్పిని అదుపులో ఉంచుతుంది. పెద్ద ఆపరేషన్లకు మంచి సాధనమే. అయితే ఆ గొట్టం మనిషి కదలికకు జారిపోవచ్చు. పక్కనుంచి మందు కారిపోవచ్చు. కనిపెట్టి చూసేవాళ్ళుండాలి. అన్నిటికంటే ముఖ్యం ఊపిరి సంగతి. మన ఊపిరితిత్తుల కింద గొడుగులాంటి ఒక కండరం ఉంది. దాన్ని ఆడించే నరం మెడలో సరిగ్గా ఆ దారి పక్కనుంచే దిగుతుంది. మెడలో మామూలు మోతాదులో బ్లాకు వేసినప్పుడు ఆ గొడుగులో ఒక సగం పనిచెయ్యడం మానేస్తుంది. 1991లో అమెరికాలో పరిశీలించి చూస్తే, చూసిన రోగులందరికీ అలాగే జరిగిందట. ఆరోగ్యవంతుడికి ఆ సంగతే తెలియదు. రెండో సగంతో నెట్టుకొస్తాడు. ఉబ్బసం మనిషికి, బాగా లావుపాటి మనిషికి ఆయాసం వస్తుంది. సూది బలం పొడిగించామంటే ఆ ఆయాసాన్ని కూడా పొడిగించినట్టే. అందుచేత అక్కయ్యకు మెడ దగ్గర వద్దని, భుజానికి వెళ్ళే రెండు నరాలను విడివిడిగా, ఒకటి భుజం రెక్క మీదా, ఒకటి చంక వెనకా పట్టుకుని మందు వేస్తామన్నారు.

మరి గొట్టం లేకుండా బలం పెంచే మార్గం లేదా అని మా వాడడిగాడు. ఉందన్నారు. డెక్సామెథసోన్ అనే మందు ఒక్క మోతాదు ఇస్తే బ్లాకు ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. 2017లో కాక్రేన్ సంస్థవారు అనేక పరిశోధనలను కలిపి చూసి, ఆ మందును నరం పక్కన కలిపినా, రక్తనాళంలోకి ఇచ్చినా నొప్పి తెలియని కాలం సుమారు ఆరేడు గంటలు పెరుగుతున్నదని తేల్చారు. ఆ తేడా పెద్దది కాదు గనుక చాలామంది రక్తనాళంలోకే ఇస్తారట. బ్లాకు దిగినప్పుడు విరుచుకుపడే నొప్పిని కూడా అది కొంత తగ్గిస్తుంది. చక్కెర జబ్బువారికి మాత్రం ఒకటి రెండు రోజులు చక్కెర పెరుగుతుంది. చూసుకుంటూ ఉండాలి. ఇంకా వేరే మందులూ కలుపుతారు గాని, కొన్నింటికి రక్తపోటు పడిపోవడం, కొన్నింటికి వాంతులు, ఇలా దేని పన్ను దానికుంది. మందును కొవ్వు బుడగల్లో నింపి, మెల్లగా విడుదలయ్యేట్టు చేసిన కొత్త రకాన్ని భుజం ఆపరేషన్లకు అమెరికాలో 2018లో అనుమతించారు. చాలా ఖరీదు. తీరా 2021లో పరిశోధనలన్నీ కలిపి చూస్తే మామూలు బ్యుపివకెయిన్ కంటే చెప్పుకోదగ్గ మేలు కనపడలేదట.

చివరికి డాక్టరుగారు మా వాడి భుజం తట్టి, "బాబూ, పన్నెండు గంటల సూదిని ఇరవై గంటలు చెయ్యగలను. మూడు రోజులూ చెయ్యగలను. ఎంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు దిగవలసిందే. ఆ దిగే గంటకు మీరు సిద్ధంగా ఉన్నారా లేదా, అదీ ముఖ్యం" అన్నారు.

ఆపరేషను మధ్యాహ్నం పన్నెండుకు మొదలైంది. డెక్సామెథసోన్ రక్తనాళంలోకి ఇచ్చారు. పారసిటమాల్ అక్కడే సెలైనులో మొదలుపెట్టారు. తర్వాత ఆరు గంటలకొకసారి మాత్ర. సాయంత్రం 4, రాత్రి 10, తెల్లవారుజామున 4. మూత్రపిండాల మీద చక్కెర జబ్బు నీడ ఉంది గనుక మామూలుగా ఇచ్చే తక్కిన నొప్పి మాత్రలు వద్దన్నారు. భుజంలో తిమ్మిరిగా చీమలు పాకినట్టు అనిపించగానే, నొప్పి కోసం ఎదురుచూడకుండా ఇంకొక గట్టి మాత్ర వెయ్యమని వేరే ఇచ్చారు. అదంతా కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు అంటించాను. మా వాడు ఫోనులో అలారం పెట్టాడు. నేను కూడా పెట్టాను. మా ఆవిడ ఏమీ అనకుండా తన ఫోనులోనూ పెట్టుకుంది.

రాత్రి 10 గంటలకు మూడు ఫోన్లూ మోగాయి. అక్కయ్య మంచి నిద్రలో ఉంది. లేపితే "ఒరే, నొప్పి లేనివాళ్ళకు నొప్పి మాత్రేమిట్రా, నీకు మతిపోయిందా?" అని చివాట్లు పెట్టింది. సరిగ్గా నా మాటే! "మింగు అక్కయ్యా" అన్నాను. నాలుగింటికి మళ్ళీ లేపితే మళ్ళీ తిట్టింది. ఆ తిట్లు నాకు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పలేను. అయిదున్నరకు తానే పిలిచి, భుజం జిలజిలలాడుతున్నదంది. గట్టి మాత్ర కూడా వేశాం. ఏడు గంటలకు సూది బలం పూర్తిగా దిగింది. నర్సమ్మ వచ్చి పదికి మార్కులెన్ని అంటే, అక్కయ్య ఆలోచించి "నాలుగు వేసుకో అమ్మా" అని, కాఫీ అడిగింది. చక్కెర ఆ రోజూ మర్నాడూ పెరిగింది. ఇన్సులిను కాస్త సర్దారు. ఆయాసం రాలేదు.

నేను వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "ఆ రాత్రి నేను నిద్రపోవాలనే చేశారు గదా" అంది. అవునన్నాను. "చెబితే ఏం పోయింది? ఏడాదిన్నర పాటు ఆ డాక్టరమ్మను అందరి దగ్గరా ఆడిపోసుకున్నాను. ఆ పాపం నాకు చుట్టబెట్టారు" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. విజయవాడ తిరిగి వచ్చాక ఇద్దరం వెళ్ళి ఆ డాక్టరమ్మగారికి సంగతి చెప్పుకుని వచ్చాం. ఆవిడ నవ్వేసి, "మీలాంటి మాస్టార్లు వారానికొకరు తగులుతారండీ" అన్నారు.

అందుచేత, సోదరీ, మీరు అడిగినదానికి నా సమాధానం ఇది. సూది బలం పొడిగించవచ్చు. ఎంత పొడిగించాలో, ఏ పద్ధతిలోనో మీ నాన్నగారి ఒంటిని బట్టి మత్తు డాక్టరుగారే నిర్ణయించాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చక్కెర, మూత్రపిండాల ఇబ్బంది, కడుపులో పుండు, రక్తం పలచబడే మాత్రలు, వీటిలో ఏదున్నా దాచకుండా ముందే చెప్పండి. ఈ బ్లాకు సుమారు ఏ వేళకు దిగుతుందో, దిగకముందు ఏ మాత్ర ఏ గంటకు వెయ్యాలో, అర్ధరాత్రి నొప్పి మించితే ఎవరిని పిలవాలో, ఈ మూడూ ఆపరేషనుకు ముందే అడిగి కాగితం మీద వ్రాసుకోండి. ఇంట్లో ఉన్న మాత్రలు మీ అంతట మీరు కలపకండి. జలుబు మాత్రల్లో కూడా పారసిటమాల్ ఉంటుంది, మోతాదు రెట్టింపవుతుంది.

మొద్దుబారిన చెయ్యి పసిపిల్ల లాంటిది. దానికి వేడి తెలియదు, ఒత్తిడి తెలియదు. వేడినీళ్ళ సంచీ దగ్గరికి రానివ్వకండి. ఐసు పెట్టినా గుడ్డ చుట్టి, డాక్టరుగారు చెప్పినంతసేపే ఉంచండి. చెయ్యి ఎప్పుడూ జోలెలోనే ఉండాలి. మోచేయి గట్టి అంచు మీద ఆనకుండా కింద మెత్తని దిండు పెట్టండి. వెల్లకిలా కంటే వీపు వెనక దిండ్లు ఎత్తుపెట్టి పడుకుంటే భుజానికి సుఖం. ఊపిరి అందకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా, చెప్పిన గడువు దాటి మర్నాడు కూడా చేతికి స్పర్శ రాకపోయినా వెంటనే డాక్టరుగారికి చెప్పండి.

ఇక రాత్రి పదింటికి నాన్నగారు హాయిగా నిద్రపోతుంటే మీకు చెయ్యి రాదు. నాకు తెలుసు. అయినా లేపండి. తిడితే పడండి.

ఇది వ్రాస్తుండగా మా ఆవిడ వంటింట్లోంచి "ఏవండీ, ఒక్కసారి ఇలా రండి" అని పిలిచింది. ఈ వాక్యం పూర్తిచేసి వెళదామనుకున్నాను. కాని ఆవకాయ జాడీ ఇప్పుడు అటక మీద లేకపోయినా, స్టూలు మాత్రం ఇంట్లోనే ఉంది. కలం పక్కన పెట్టి వెళ్ళివచ్చాను. నాన్నగారి ఆపరేషను అయ్యాక మళ్ళీ ఉత్తరం వ్రాయండి. పదికి ఎన్ని మార్కులు వేశారో తప్పక తెలియజేయండి.